మిషిగన్ బళ్లు, ఫ్రీ లంచ్ కాలమ్: ఒక ప్రాజెక్టు డైరీ

సెప్టెంబర్ 2025, లేబర్ డే దాటాక

మా తెలుగు సంఘం ఈసారి దసరా హంగామా కాస్త తగ్గించి కొంత డబ్బు పక్కన పెట్టింది. డెట్రాయిట్ చుట్టూ ఉన్న వేన్, ఓక్లండ్, మకూంబ్ కౌంటీల్లో అవసరం ఎక్కువున్న ఎలిమెంటరీ బళ్ల లైబ్రరీలకి పుస్తకాలు కొనివ్వాలన్నది ఆలోచన. ఏ బళ్లో తేల్చే పని నా నెత్తిన పడింది. "మీరు రోజంతా డేటాతోనే కదండీ కుస్తీ పడేది, ఒక లిస్టు తీసిపెట్టండి" అన్నారు ప్రెసిడెంటు గారు. పక్కనున్నాయన ఇంకో అడుగు ముందుకేశారు: "ఏముందండీ, ఫ్రీ లంచ్ శాతం చూసి పైనుంచి పదో ఇరవయ్యో కోసేయడమే."

ఫ్రీ లంచ్ శాతం అంటే బడిలో ఉచితంగానో తక్కువ ధరకో మధ్యాహ్న భోజనానికి అర్హులైన పిల్లల శాతం. అమెరికాలో ఎవర్నడిగినా ఇదే మాట చెప్తారు. ట్రాయ్‌లోనో నోవైలోనో, అంటే డెట్రాయిట్ డబ్బున్న శివార్లలో, ఇల్లు కొనేముందు మనవాళ్లు స్కూలు రేటింగు సైట్లు తిరగేస్తారు చూడండి, అక్కడ 'లో ఇన్‌కమ్' అని కనిపించే శాతం కూడా చాలామటుకు ఈ లంచ్ లెక్కలోంచి వచ్చిందే. పరిశోధన పత్రాలు, గ్రాంటు దరఖాస్తులు, వార్తాపత్రికలు అన్నీ దాన్నే పేదరికం అంటాయి. కోసేసే ముందు ఆ కాలమ్‌లో అసలు ఏం లెక్కపెడుతున్నారో చూద్దామని మొదలుపెట్టాను. చూసింది చూసినట్టు ఇక్కడ రాసుకుంటున్నాను, వచ్చే ఏడాది ఈ పని చేసేవాళ్లకి పనికొస్తుంది.

అదే వారం, రూలు చదవడం

రూలు పైకి తేలికే. కేంద్ర ప్రభుత్వం ఏటా పేదరికపు గీత ప్రకటిస్తుంది. కుటుంబ ఆదాయం ఆ గీతకి 130 శాతం లోపుంటే పిల్లలకి భోజనం ఫ్రీ. 130కి, 185కి మధ్య ఉంటే 'రెడ్యూస్డ్', అంటే లంచ్‌కి 40 సెంట్లకి మించి తీసుకోకూడదు. 2025-26 విద్యా సంవత్సరానికి నలుగురున్న ఇంటికి గీత 32,150 డాలర్లు. దాని ప్రకారం 41,795 వరకు ఫ్రీ, 59,478 వరకు రెడ్యూస్డ్.

కాబట్టి 'ఫ్రీ ఆర్ రెడ్యూస్డ్' శాతాన్ని 'పేద పిల్లల శాతం' అని రాసేవాళ్లు గీతకి దాదాపు రెట్టింపు ఆదాయమున్న ఇళ్లని కూడా అందులో కలిపేస్తున్నారు. తప్పనడం లేదు, 59 వేలతో నలుగురు బతకడం ఈ రోజుల్లో కష్టమే. కాకపోతే 18 వేలతో బతికే ఇల్లూ 58 వేలతో బతికే ఇల్లూ మన షీటులో ఒకే 1 గా, అంటే 'అర్హులే' అన్న గుర్తుగా పడతాయి.

ఆ గీత పుట్టుక ఇంకా ఆసక్తిగా ఉంది. 1960ల మొదట్లో సోషల్ సెక్యూరిటీ ఆఫీసులో పనిచేసే మాలీ ఒర్షాన్‌స్కీ అనే ఆవిడ వేసిన లెక్క అది. 1955 నాటి సర్వేలో సగటు కుటుంబం ఆదాయంలో మూడో వంతు తిండికి పెడుతోందని తేలింది. ఆవిడ ప్రభుత్వం వారి అతి పొదుపు తిండి ఖర్చు తీసుకుని మూడుతో గుణించారు. అంతే. అప్పట్నుంచి ధరలకి తగ్గట్టు పెంచుతూ పోతున్నారు తప్ప పునాది అదే. ఇప్పుడు ఇంటద్దె మింగేది ఎంతో, పిల్లల డేకేర్ ఎంతో అందులో లేదు. అలాస్కా, హవాయి తప్పిస్తే దేశమంతటికీ ఒకటే గీత. యాన్ ఆర్బర్‌లో అద్దె కట్టేవాడికీ, రాష్ట్రం ఉత్తర కొసన అప్పర్ పెనిన్సులాలో ఏ చిన్న ఊళ్లోనో ఉండేవాడికీ తేడా లేదు.

సెప్టెంబర్, రెండో వారం

భోజన పథకం పాతది. 1946లో ట్రూమన్ సంతకం పెట్టిన చట్టం. యుద్ధంలో చేరడానికొచ్చిన కుర్రాళ్లలో చాలామంది తిండి లేక బలహీనంగా ఉన్నారన్న దిగులు ఒక కారణం, రైతుల దగ్గర మిగిలిపోయిన పంటని ఎక్కడో ఖర్చు పెట్టాలన్న అవసరం ఇంకో కారణం. అందుకే ఇప్పటికీ దీన్ని నడిపేది వ్యవసాయ శాఖ. ఫ్రీగా ఎవరికివ్వాలన్నది చాలా కాలం స్థానిక అధికారుల ఇష్టం. 1970లో గానీ దేశమంతటికీ ఒకే కొలత రాలేదు. 130, 185 అన్న అంకెలు 1981లో రీగన్ ప్రభుత్వం ఖర్చు తగ్గించినప్పుడు వచ్చినవి.

మరి ఇది చదువుల లెక్కల్లోకి ఎలా దూరింది? బడి దగ్గర పిల్లాడి పేరు పక్కన ఇంటి ఆదాయం గురించి ఉన్న సమాచారం ఇదొక్కటే కాబట్టి. 2002లో వచ్చిన 'నో చైల్డ్ లెఫ్ట్ బిహైండ్' చట్టం, పేద పిల్లల మార్కులు విడిగా చూపించమంది. ఆదాయపు పన్ను కాగితాలు బళ్ల చేతికి రావు. చేతిలో ఉన్నది లంచ్ జాబితా, దాన్నే వాడేశారు. వ్యవసాయ శాఖ ఎవరికి పాలు, రొట్టె ఇవ్వాలో తెలుసుకోడానికి పెట్టిన గుర్తు అలా విద్యాశాఖ వారి పేదరికపు సూచిక అయి కూర్చుంది.

సెప్టెంబర్ చివర, ఫైలు తెరిచాక

నేషనల్ సెంటర్ ఫర్ ఎడ్యుకేషన్ స్టాటిస్టిక్స్ వారి 'కామన్ కోర్ ఆఫ్ డేటా' (దేశంలోని ప్రభుత్వ బళ్ల వివరాల నిధి) నుంచి లంచ్ ఫైలు దింపుకున్నాను. దేశంలో ప్రతి ప్రభుత్వ బడికీ 12 అంకెల నంబరు ఉంటుంది. మిషిగన్ వాటివి 26తో మొదలవుతాయి. ఎక్సెల్‌లో నేరుగా తెరిస్తే ఆ నంబరు 2.6ఈ+11 అని ముడుచుకుపోయి కనిపిస్తుంది, అలాగే సేవ్ చేస్తే బడులన్నీ ఒకే బడి అయిపోతాయి. దాన్ని టెక్స్టుగా దిగుమతి చేసుకోవాలి. ఇదొక్కటి గుర్తుంచుకుంటే సగం తలనొప్పి పోతుంది.

ఒక్కో బడికి ఒక్క వరస ఉండదు, చాలా ఉంటాయి. ఫ్రీకి అర్హులు ఒక వరస, రెడ్యూస్డ్‌కి అర్హులు ఇంకోటి, రెండూ కలిపిన మొత్తం మరోటి. వీటికి పక్కనే 'డైరెక్ట్ సర్టిఫికేషన్' అని వేరే గుంపు. ప్రతి వరసకీ ఒక జెండా కాలమ్ ఉంటుంది: అంకె ఇచ్చారా, ఇవ్వలేదా, ఆ బడికి వర్తించదా అని. ఖాళీ గడుల్లో సున్నా నింపేసే అలవాటున్నవాళ్లు ఇక్కడ చేతులు కట్టుకోవాలి. అంకె పంపని బడి, పేద పిల్లలే లేని బడిగా మారిపోతుంది మరి.

ఈ డైరెక్ట్ సర్టిఫికేషన్ సంగతి ముఖ్యం. ఇంట్లో ఫుడ్ స్టాంపులు వస్తుంటే, అంటే స్నాప్ కార్డు ఉంటే, ఆ పిల్లలు ఫారం నింపక్కర్లేదు. రాష్ట్రం కంప్యూటర్లు స్నాప్ జాబితానీ బడి జాబితానీ పోల్చి వాళ్లని నేరుగా ఫ్రీలో వేసేస్తాయి. ఇంట్లో ఒక్కరికి పేరు కలిసినా అదే ఇంట్లో మిగతా పిల్లలందరికీ వర్తిస్తుంది. సొంత తల్లిదండ్రుల దగ్గర కాక ఫాస్టర్ ఇళ్లలో ఉన్నవాళ్లు, ఇల్లు లేనివాళ్లు, వలస కూలీల పిల్లలు కూడా ఫారం లేకుండానే వస్తారు. చాలా రాష్ట్రాల్లో మెడికెయిడ్ (తక్కువ ఆదాయం వాళ్లకిచ్చే ప్రభుత్వ ఆరోగ్య బీమా) జాబితానీ కలుపుతారు, మాదీ అందులో ఒకటి.

అక్టోబర్ మొదట్లో: ఒకే బడి, మూడు అంకెలు

ప్రాజెక్టులో నాకు బాగా సమయం పట్టిన చోటు ఇదే.

2010 నాటి చట్టంతో 'కమ్యూనిటీ ఎలిజిబిలిటీ' అనే పద్ధతి వచ్చింది. పేద పిల్లలు ఎక్కువున్న బడిలో ఒక్కొక్కరి దగ్గరా ఫారాలు తీసుకోవడం మానేసి బడి మొత్తానికి ఫ్రీగా పెట్టండి అన్నారు. 2011లో మొదట ప్రయత్నించిన మూడు రాష్ట్రాలు ఇల్లినాయ్, కెంటకీ, మిషిగన్. 2014-15 నుంచి దేశమంతా తలుపు తెరిచారు. మొదట బడిలో కనీసం 40 శాతం మంది ఫారం లేకుండా నేరుగా గుర్తింపు పొందినవాళ్లు ఉండాలన్నారు, 2023లో దాన్ని 25కి దించారు. డెట్రాయిట్ ప్రభుత్వ జిల్లాలో (ఇక్కడ జిల్లా అంటే బళ్లని నడిపే స్కూల్ డిస్ట్రిక్ట్) ఇప్పుడు అన్ని బళ్లూ ఇదే పద్ధతిలో ఉన్నాయి.

కేంద్రం డబ్బు ఎలా ఇస్తుందంటే, నేరుగా గుర్తింపు పొందినవాళ్ల శాతాన్ని 1.6తో గుణిస్తుంది. ఫారాలు అడిగి ఉంటే ఇంకొంతమంది అర్హులు బయటపడేవాళ్లు కదా, వాళ్ల కోసం వేసిన అంచనా ఆ 1.6.

కాగితం మీద ఒక ఊహా బడి గీసుకున్నాను. 400 మంది పిల్లలు. నేరుగా గుర్తింపు పొందినవాళ్లు 180 మంది. అంటే 45 శాతం. 1.6తో గుణిస్తే 72. కానీ భోజనం ఫ్రీగా తింటున్నది అందరూ, అంటే 100. ఇప్పుడు కేంద్రానికి పంపే ఫైలులో ఈ బడికి 'ఫ్రీ లంచ్ శాతం' కింద ఏం రాయాలి? రాష్ట్రాలు తలో రకంగా రాశాయి. కొన్ని 100 అన్నాయి, కొన్ని 72, కొన్ని 45. కొన్ని రాష్ట్రాలు లంచ్‌తో సంబంధం లేకుండా వేరే ఆదాయ ఫారం పెట్టుకుని ఆ లెక్క పంపాయి.

అంటే ఒక బడి ఒక ఏడాది 68 నుంచి మరుసటి ఏడాది 100కి ఎగబాకితే ఆ వీధికి కరువొచ్చిందనుకోకూడదు. పథకం మారింది, పిల్లలు వాళ్లే. ఈ సంగతి చూడకుండా 'పదేళ్లలో పేదరికం ఇంత పెరిగింది' అని గ్రాఫులు గీసిన వ్యాసాలు నా కంటపడ్డాయి. గ్రాఫు మాత్రం మహా నున్నగా ఉంటుంది.

మా సభ్యుల్లో కొందరు టొలిడో వైపు ఉంటారు. అక్కడి బళ్లని కూడా లిస్టులో కలపమన్నారు. అది ఒహాయో. రెండు రాష్ట్రాల అంకెలు ఒకే కొలతతో వచ్చాయన్న హామీ లేదు కాబట్టి ఈ షీటులో కలపనని చెప్పేశాను. కొంచెం ముఖాలు మాడ్చుకున్నారు.

అక్టోబర్, ఫారం చూసిన రోజు

యాన్ ఆర్బర్‌లో పీహెచ్‌డీ చేస్తున్న కుర్రాడు ఫోన్ చేశాడు. "అన్నా, మావాడి స్కూలు నుంచి ఆదాయం ఫారం వచ్చింది. మనం నింపాలా?" ముగ్గురుండే ఇల్లు. స్టైపెండు ఏడాదికి 38 వేలు. భార్యది ఎఫ్-2 వీసా, ఉద్యోగం చేయడానికి లేదు. ముగ్గురికి హద్దులు ఫ్రీకి 34,645, రెడ్యూస్డ్‌కి 49,303. కాబట్టి వాళ్లబ్బాయి రెడ్యూస్డ్‌లోకి వస్తాడు.

ఫారం ఫోటో పంపాడు. ఇంట్లో ఎంతమంది, ఎవరికి ఎంత వస్తుంది, అది వారానికా, రెండు వారాలకా, నెలకి రెండుసార్లా, నెలకా. రెండు వారాలకొకసారి, నెలకి రెండుసార్లు అన్నవి ఒకటే అనుకుంటాం గానీ ఒకదాన్ని 26తో, ఇంకోదాన్ని 24తో గుణిస్తారు. హద్దు దగ్గర ఉన్న ఇంటికి ఆ రెండు చెక్కులే అటో ఇటో చేస్తాయి. కింద సంతకం, సోషల్ సెక్యూరిటీ నంబరులో చివరి నాలుగంకెలు. నంబరు లేకపోతే 'లేదు' అని టిక్ పెట్టొచ్చు. ఏ వీసా అని ఎక్కడా అడగరు.

"రేపు గ్రీన్ కార్డుకి అడ్డం రాదు కదా?" అన్నాడు. 2022 నాటి నిబంధన ప్రకారం బడి భోజనం 'పబ్లిక్ చార్జ్', అంటే ప్రభుత్వ సాయం మీద బతికేవాళ్లన్న లెక్కలోకి రాదని చెప్పాను. ఈలోగా పక్కనుంచి వాళ్లావిడ, "అన్నయ్య గారూ, భోజనం ఎలాగూ అందరికీ ఫ్రీయే కదా. మళ్లీ మన జీతం వాళ్లకెందుకు చెప్పడం?" అంది.

ఆవిడ అడిగిన ప్రశ్నకి జిల్లాల దగ్గర కూడా గట్టి జవాబు లేదు. మిషిగన్‌లో 2023-24 నుంచి ప్రభుత్వ బళ్లలో అందరికీ ఉదయం టిఫినూ మధ్యాహ్న భోజనమూ ఫ్రీ. కాలిఫోర్నియా, మెయిన్ మాకంటే ఒక ఏడాది ముందు మొదలెట్టాయి, మిన్నెసోటా, న్యూమెక్సికో లాంటివి మాతోపాటు. కోవిడ్ అప్పుడు 2022 వేసవి వరకు దేశమంతా ఇలాగే నడిచింది. ఫారం నింపకపోయినా పిల్లాడికి ప్లేటు దొరుకుతుంది. నింపితే లాభం బడికి: పేద పిల్లల లెక్కని బట్టి రాష్ట్రం ఇచ్చే అదనపు నిధి పెరుగుతుంది. కానీ 'మీ జీతం చెప్పండి, మీ బడికి డబ్బొస్తుంది' అంటే ఎంతమంది నింపుతారు?

మన దగ్గర దీనికి సరిగ్గా ఎదురు జరిగింది. మధ్యాహ్న భోజనం సర్కారు బడిలో అందరికీ పెడతారు, కాబట్టి అక్కడ తినడం పేదరికానికి గుర్తేం కాదు. గుర్తు తెల్ల రేషన్ కార్డు. బియ్యంతో మొదలైన ఆ కార్డు ఆరోగ్యశ్రీకీ, ఫీజు రీయింబర్స్‌మెంటుకీ, పెన్షన్లకీ తాళంచెవి అయ్యేసరికి బియ్యం అక్కర్లేని ఇళ్లు కూడా కార్డు సంపాదించుకున్నాయి. అక్కడ కార్డు వల్ల వచ్చే లాభం ఎక్కువై లెక్క ఉబ్బింది, ఇక్కడ ఫారం వల్ల వచ్చే లాభం పోయి లెక్క పీలగా అవుతోంది. పేదరికం మాత్రం రెండు చోట్లా దాని దారిన అది ఉంది.

అక్టోబర్ చివర, ఒక క్యాంటీన్‌లో

లైబ్రరీ చూడ్డానికి పిలిచిన ఒక బడిలో లంచ్ వేళ దాకా ఉండిపోయాను. పిల్లలు ట్రేలు పట్టుకుని వరసగా వస్తారు. చివర చిన్న కీప్యాడ్, పిల్లాడు తన నంబరు నొక్కుతాడు. కౌంటరు దగ్గరున్నావిడ చూసేది ట్రేనే. ఐదు రకాల్లో కనీసం మూడు ఉండాలి, అందులో ఒకటి పండో కూరగాయో అయితీరాలి, లేకపోతే ఆ భోజనానికి కేంద్రం డబ్బివ్వదు. పిజ్జా ముక్క, పాల డబ్బా మాత్రమే పట్టుకొచ్చిన బుడ్డోణ్ణి "ఏపిల్ తీసుకో నాన్నా" అన్న ధోరణిలో వెనక్కి పంపింది. వాడు ఏపిల్ తెచ్చుకుని, కూర్చోగానే పక్కవాడికిచ్చేశాడు.

ఎవరిది ఫ్రీయో ఎవరిది డబ్బులిచ్చిందో ఆ వరసలో చూసి చెప్పలేం. బయటికి తెలిసేలా చేయకూడదని చట్టంలో ముందునుంచీ ఉంది గానీ అన్ని చోట్లా పాటించలేదు. భోజనం డబ్బులు బాకీ ఉన్న పిల్లల చేతి మీద ముద్ర వేసినవాళ్లూ, వేడి భోజనం లాక్కుని చల్లటి శాండ్‌విచ్ ఇచ్చినవాళ్లూ ఉన్నారు. ఇలాంటివి కుదరదని న్యూమెక్సికో 2017లో విడిగా చట్టమే చేయాల్సి వచ్చింది. నా మటుకు నాకు, షీటులో ఒక కాలమ్ పాడైనా పర్లేదు, ఆ కీప్యాడ్ దగ్గర అందరూ ఒకటే అవడం మేలు.

ఆఫీసులో సెక్రటరీ గారితో మాట్లాడితే ఇంకో సంగతి తెలిసింది. ఫారాల కాలంలో కూడా హైస్కూలుకొచ్చేసరికి శాతం పడిపోయేదట. ఇళ్లలో డబ్బు పెరిగి కాదు. పదిహేనేళ్లవాడు ఫారం ఇంటికి తీసుకెళ్లడు, తీసుకెళ్లినా తిరిగి తేడు, ఆ లైన్లో నిలబడ్డానికి నామోషీ. అందుకే ఎలిమెంటరీని హైస్కూలుతో లంచ్ శాతం పెట్టి పోల్చడం దండగ. మేం ఎలిమెంటరీలకే పరిమితమయ్యాం కాబట్టి ఈ చిక్కు తప్పింది.

తనిఖీ మాటేమిటి అని అడిగాను. ఫారాల్లో గరిష్ఠంగా 3 శాతం, అదీ హద్దుకి నెలకి వంద డాలర్ల అటూ ఇటూగా ఉన్నవాటిని తీసి జీతం రుజువులు అడుగుతారు. జవాబివ్వకపోతే అర్హత రద్దు. అలా రద్దయిన ఇళ్లన్నీ అబద్ధం చెప్పినవని అనుకోడానికి లేదు. ఉత్తరం పాత అడ్రసుకి పోయినవాళ్లు, అది చదవడం రానివాళ్లు అందులో ఉంటారు.

నవంబర్: పేదరికం ఎంతకాలం?

మిషిగన్ పిల్లల మీదే జరిగిన ఒక పరిశోధన చదివాను. 2017లో కాథరిన్ మిషెల్మోర్, సూసన్ డైనార్‌స్కీ ప్రచురించారు. ఎనిమిదో తరగతి పిల్లల్లో దాదాపు సగంమంది ఆ ఏడాది ఫ్రీ లేదా రెడ్యూస్డ్‌కి అర్హులు. కానీ కిండర్‌గార్టెన్ నుంచి ప్రతి ఏడాదీ అర్హులుగా ఉన్నవాళ్లు 14 శాతమే. ఆ 14 శాతం పిల్లలు మార్కుల్లో మిగతా అర్హులకంటే కూడా చాలా వెనకబడి ఉన్నారు. ఒకే ఏడాది ఫోటో తీస్తే, నాన్న ఉద్యోగం పోయి ఆ ఏడాదికి మాత్రం ఇబ్బందిపడ్డ ఇల్లు, తొమ్మిదేళ్లుగా లేవలేని ఇల్లు ఒకేలా కనిపిస్తాయి.

మన పీహెచ్‌డీ తమ్ముడి ఇల్లు చూడండి. కాగితం మీద రెడ్యూస్డ్. ఇంటినిండా పుస్తకాలు, రాత్రి పడుకునేముందు వాళ్లమ్మ కథ చదివి తీరాలి. రెండు మూడేళ్లలో వాళ్లు ఏ నోవైలోనో తేలతారు. ఆ పిల్లాడికి మా పుస్తకాల అవసరం అంతగా లేదు, అయినా లంచ్ కాలమ్‌లో వాడూ ఒక 1.

తిరగేసి కూడా చెప్పాలి. ఓరెగాన్‌లోనూ కాలిఫోర్నియాలోని ఒక జిల్లాలోనూ లంచ్ రికార్డుల్ని ఆదాయపు పన్ను రికార్డులతో జతచేసి చూసిన పరిశోధకులకి, లంచ్ గుర్తు ఆదాయాన్ని మొరటుగానే పట్టిస్తుందని తేలింది. చిత్రం ఏమిటంటే, చదువులో వెనకబాటుని మాత్రం పన్ను కాగితాల్లో కనిపించనంత మేరకి కూడా అది పట్టుకుంటోంది. కాబట్టి దాన్ని చెత్తబుట్టలో వేయాలనే వాళ్లతో నేను కలవను. పన్ను కాగితంలో లేని ఇబ్బంది ఏదో ఆ గుర్తులో ఇరుక్కుని ఉంది.

నవంబర్, వేరే కొలతలు జతచేస్తూ

లంచ్ కాలమ్ పక్కన రెండు పెట్టాను.

మొదటిది డైరెక్ట్ సర్టిఫికేషన్ శాతం. ఫారంతో పని లేదు, బడి భోజనం అందరికీ ఫ్రీ అయినా ఇది చెడదు. దీనికున్న కన్నం స్నాప్‌లో చేరనివాళ్లు. స్టూడెంటు వీసా మీద ఉన్నవాళ్లకి స్నాప్ రాదు. కాగితాలు లేని తల్లిదండ్రులు, పిల్లలు అమెరికాలో పుట్టి అర్హత ఉన్నా భయంతో దగ్గరకి పోరు. హామ్‌ట్రామ్‌క్‌లో యెమెన్ వాళ్లు, బంగ్లాదేశ్ వాళ్లు ఎక్కువ, డియర్‌బర్న్‌లో అరబ్బు కుటుంబాలు ఎక్కువ. ఇలాంటి చోట్ల ఈ శాతం అసలుకంటే తక్కువ చూపించే వీలుంది. పైగా 2025 జూలైలో వచ్చిన చట్టం స్నాప్ నియమాలు బిగించింది. పని చేస్తున్నట్టు చూపాల్సినవాళ్లలోకి 64 ఏళ్ల వరకు పెద్దవాళ్లనీ, చిన్నబిడ్డకి 14 నిండిన తల్లిదండ్రులనీ లాగింది, శరణార్థులకి అర్హత తీసేసింది. వచ్చే ఒకటి రెండేళ్లలో ఏదైనా బడిలో ఈ శాతం తగ్గితే అక్కడి ఇళ్లు బాగుపడ్డాయని సంబరపడకండి.

రెండోది కేంద్రం వారి చుట్టుపక్కల ఆదాయ అంచనా. బడి భవనానికి దగ్గర్లో ఉన్న, పిల్లలున్న 25 ఇళ్ల సెన్సస్ సర్వే జవాబులు తీసుకుని ఆదాయాన్ని పేదరికపు గీతతో పోల్చి ఒక అంకె ఇస్తారు. 100 అంటే సరిగ్గా గీత మీద, 200 అంటే రెట్టింపు. పక్కనే ఎంత అటూ ఇటూ కావచ్చో కూడా రాస్తారు, ఆ మర్యాద లంచ్ కాలమ్‌కి లేదు. కానీ అది కొలిచేది భవనం చుట్టూ ఉన్న వీధుల్ని. మిషిగన్‌లో 1990ల మధ్యనుంచి చార్టర్ బళ్లు (ప్రభుత్వ డబ్బుతోనే, విడిగా నడిచేవి), పక్క జిల్లా బడిలో చేరే వెసులుబాటు రెండూ ఉన్నాయి. డెట్రాయిట్‌లో ఒక మూలనుంచి పిల్లాడు బస్సెక్కి ఇంకో మూలకి పోతాడు. అందుకని చార్టర్ బళ్లకి ఈ కాలమ్ ఖాళీగా వదిలేశాను.

పరిశోధన సంస్థ అర్బన్ ఇన్‌స్టిట్యూట్ వారు ఈ ముక్కలన్నీ కలిపి, గీతకి 100 శాతం లోపున్న పిల్లలెంతమందో ప్రతి బడికీ అంచనా వేసి పెట్టారు. రాష్ట్రాల మధ్య పోలికకి అది నయం. మా మూడు కౌంటీల పనికి దాన్ని సరిచూసుకోడానికే వాడాను. దేశమంతటా పిల్లల చదువు కొలిచే 'నేషనల్ రిపోర్ట్ కార్డ్' పరీక్షలు పెట్టేవాళ్లు కూడా 2024లో లంచ్ ఒక్కదాన్నే నమ్ముకోవడం మాని, ఇంట్లో ఎన్ని పుస్తకాలున్నాయి, తల్లిదండ్రులు ఎంతవరకు చదివారు అన్నవి జతచేశారు.

డిసెంబర్

బళ్లకి ఒకటి, రెండు, మూడు అని ర్యాంకులు ఇవ్వలేదు. 63 శాతం ఉన్న బడి 61 ఉన్న బడికంటే పేదదని ఈ డేటా చెప్పలేదు, నేను చెప్తే అబద్ధమే. మూడు గుంపులు చేశాను. డైరెక్ట్ సర్టిఫికేషన్, చుట్టుపక్కల అంచనా రెండూ అవసరం ఎక్కువే అన్న బళ్లు మొదటి గుంపు, వీటికి ఇంకో ప్రశ్న లేకుండా పుస్తకాలు. రెండూ కాదన్నవి చివరి గుంపు. ఒకటి ఔనని ఇంకోటి కాదన్నవి, చార్టర్లు, కొత్తగా వచ్చిన వలస కుటుంబాలు ఎక్కువున్న బళ్లు మధ్యలో. ఈ మధ్య గుంపుకి షీటు చాలదు, ఫోన్ చేసి లైబ్రరీలో కూర్చునే మనిషితో మాట్లాడాలి.

కమిటీలో దీని మీద కాసేపు గొడవైంది. "ఒక్క నంబరు చెప్పండి సార్, జనానికి అర్థమవ్వాలి" అన్నారు ఒకరు. నిజానికి పేద పిల్లల చదువు కోసం కేంద్రం ఇచ్చే టైటిల్ వన్ నిధుల్లో కూడా ఒక్క నంబరు వాడరు. కేంద్రం జిల్లాకిచ్చేటప్పుడు సెన్సస్ అంచనా చూస్తుంది. జిల్లా తన బళ్లని వరసలో పెట్టేటప్పుడు సెన్సస్, లంచ్, మెడికెయిడ్ లాంటివాటిలో ఒకటి ఎంచుకోవచ్చు, కలిపి కూడా వాడొచ్చు. ఇది చెప్పాక కొంత సద్దుమణిగింది.

మధ్య గుంపు బళ్లకి ఫోన్లు ముగ్గురం పంచుకున్నాం. ఒక లైబ్రేరియన్ ఇంగ్లీషూ అరబ్బీ పక్కపక్కన ఉన్న బొమ్మల పుస్తకాలు దొరుకుతాయా అనడిగింది. ఇంకో చోట లైబ్రరీకి మనిషే లేదు, వారానికి ఒక పూట ఎవరో వాలంటీరు వచ్చి తాళం తీస్తారట. అక్కడికి పుస్తకాలు గదికి కాకుండా నేరుగా తరగతి టీచర్లకి పంపుతున్నాం.

ఉగాది సావనీరులో వేయడానికి ప్రెసిడెంటు గారు ఒక వాక్యం అడిగారు. "90 శాతం పేద పిల్లలున్న బళ్లకి మన సంఘం పుస్తకాలు" అని ఆయన ముందే రాసి పెట్టుకున్నారు. నేను ఇలా మార్చి పంపాను: "2024-25 లెక్కల ప్రకారం సగానికి మించి పిల్లలు స్నాప్, మెడికెయిడ్ వంటి పథకాల ద్వారా నేరుగా ఉచిత భోజనానికి గుర్తింపు పొందిన ఎలిమెంటరీ బళ్లకి, ఆయా లైబ్రేరియన్లు అడిగిన పుస్తకాలు." మరీ పొడుగైంది, ఫోటో కింద పట్టదన్నారు. ఫోటో చిన్నది చేయమన్నాను. ఇంకా తేలలేదు.